85 సెంటీమీటర్ల టార్సో మోడల్: అనాటమీకి సరే, ఫిజియాలజీకి మాత్రం కాదు

నర్సింగ్ ఫస్ట్ ఇయర్ వాళ్ళకి అనాటమీ (శరీర నిర్మాణం), ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు) చెప్పేవాళ్ళ కోసం, ఇంట్లో పిల్ల జీఎన్ఎంలోనో బీఎస్సీ నర్సింగ్‌లోనో చేరితే ఆన్‌లైన్‌లో ఈ బొమ్మ చూసి కొనాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ కోసం ఈ రివ్యూ. మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న కాలేజీ. డబ్బు పెట్టింది యాజమాన్యం, రోజూ దాని పొట్ట విప్పి మళ్ళీ సర్దేది నేను, కాబట్టి మంచీ చెడూ రెండూ మొహమాటం లేకుండా చెప్తా. ఐదు స్టార్లకి మూడు. ఆ మూడూ అనాటమీకే. ఫిజియాలజీకి సున్నా. ప్లాస్టిక్ బొమ్మ ఫిజియాలజీ ఎలా నేర్పుతుంది అంటారా, నిజమే, కానీ అమ్మేవాడు తన పేజీలో పెద్ద అక్షరాలతో 'కంప్లీట్ అనాటమీ అండ్ ఫిజియాలజీ మోడల్' అని రాసుకున్నాడు, అందుకే అడగాల్సి వస్తోంది.

తల నుంచి తొడల మొదలు దాకా ఉండే మొండెం ఇది. పీవీసీ ప్లాస్టిక్, కింద తెల్ల పీట, భాగాలన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. తల ఒకవైపు కోసి ఉంటుంది, అందులోంచి సగం మెదడు బయటికి వస్తుంది. ఛాతీ, పొట్ట ముందుభాగం మూతలా ఊడుతుంది. ట్రాన్స్‌పోర్టుతో కలిపి 11 వేల చిల్లర పడింది, అంబాలా నుంచి వచ్చింది, మన కాలేజీల ల్యాబు సామాను చాలామటుకు అక్కడినుంచే కదా. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం, ఒక్క గీత కూడా పడలేదు. పెయింటు వాసన మాత్రం కొన్నాళ్ళు తలనొప్పి తెప్పించింది, కిటికీలు తెరిచి పెట్టుకోవాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చింది భాగాలు బయటికి వచ్చే వరస. ఇడ్లీ పాత్రలో రేకులు సర్దినట్టే, వరస తప్పితే మూత పడదు. ముందు ఛాతీ మూత తీయాలి, తర్వాత ఊపిరితిత్తులు, వాటి మధ్యనుంచి గుండె, ఆ కింద కాలేయం, కాలేయం తీస్తేగానీ జీర్ణాశయం పూర్తిగా కనపడదు, జీర్ణాశయమూ పేగులూ తీసి పక్కన పెడితేగానీ కిడ్నీలు కనపడవు. యాంటీరియర్ అంటే ముందువైపు, పోస్టీరియర్ అంటే వెనకవైపు అని బోర్డు మీద రాస్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అలాగే దింపుతారు, అక్కడితో సరి. కాలేయాన్ని తన చేత్తో తీసి టేబుల్ మీద పెట్టిన పిల్ల మాత్రం 'జీర్ణాశయం కాలేయానికి పోస్టీరియర్' అన్నది మళ్ళీ మర్చిపోదు. కిడ్నీలు అన్నిటికంటే వెనక, వీపు గోడకి ఆనుకుని ఉంటాయని చూశాక, కిడ్నీలో రాయి ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకోకుండా నడుం పక్కన చెయ్యి పెట్టుకుని ఎందుకు వస్తారో వేరే చెప్పక్కర్లేదు. మా దగ్గర ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళే కాదు, సీఈసీ నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు, కాలేయం ఎక్కడుందో బొత్తిగా తెలియని వాళ్ళు కూడా ఒకట్రెండు క్లాసుల్లో దారిలో పడుతున్నారంటే ఆ క్రెడిట్ ఈ వరసకే.

డయాఫ్రమ్, అంటే ఛాతీనీ పొట్టనీ విడదీసే కండరం, అది కూడా బాగా చేశారు. చాలా చార్టుల్లో అది ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా గీసిన గీతలా ఉంటుంది. ఇందులో గొడుగులా పైకి ఉబ్బి ఉంది, కుడివైపు ఉబ్బు కింద కాలేయం దూరి కూర్చుంటుంది. అంటే కాలేయంలో ఎక్కువ భాగం పక్కటెముకల చాటునే ఉందన్నమాట. థొరాసిక్ క్యావిటీ (ఛాతీ గది) ఎక్కడ ఆగుతుంది, అబ్డామినల్ క్యావిటీ (పొట్ట గది) ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకి పిల్లలు ఆఖరి పక్కటెముక చూపిస్తుంటారు, ఊపిరితిత్తులు తీసి ఆ ఉబ్బు మీద చెయ్యి పెట్టిస్తే సరిపోతుంది.

బొమ్మకి ఎదురుగా నిలబడగానే మొదటి తగాదా కుడి ఎడమల దగ్గర మొదలవుతుంది. "మేడమ్, కాలేయం కుడివైపు అన్నారు, ఇది ఎడమవైపు ఉందేంటి, తప్పు బొమ్మ వచ్చిందా?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. కుడి అంటే మన కుడి కాదమ్మా, పేషెంటు కుడి, అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. అందుకని పిల్లని తీసుకెళ్ళి బొమ్మ పక్కనే, అది చూసేవైపే చూసేలా నిలబెట్టి, నీ కుడి పక్కటెముకల మీద చెయ్యి వేసుకో, ఇప్పుడు బొమ్మ మీద అదే చోట వేయి అంటాను. గొడవ అక్కడితో తీరిపోతుంది. ఇది చాదస్తం అనుకోకండి, రేపు ఆపరేషన్ థియేటర్లో ఏ కిడ్నీ, ఏ మోకాలు అన్నచోట ఇదే ముఖ్యం, ఎక్స్‌రే ఫిల్ము మీద 'ఆర్' గుర్తు పెట్టేదీ ఇందుకే. సీటీ స్కాన్‌లో అడ్డకోత బొమ్మని కాళ్ళవైపు నుంచి చూస్తున్నట్టు చూపిస్తారు, కాబట్టి అక్కడ కూడా పేషెంటు కుడి మనకి ఎడమచేతివైపే పడుతుంది.

ఇక లోపాల సంగతి. 'కంప్లీట్' అన్నారు గానీ దీనికి చేతుల్లేవు, కాళ్ళు లేవు. పేరే మొండెం కదా అనొచ్చు. కానీ మొదటి చాప్టర్లో మొట్టమొదట చెప్పేది అనాటమికల్ పొజిషన్: నిటారుగా నిలబడి, ముఖం ముందుకి, చేతులు పక్కన వేలాడేసి, అరచేతులు ముందుకి తిప్పి ఉండాలి. అరచేతులే లేని బొమ్మ మీద ఆ ముక్క ఎలా చూపించను? అరచేయి ముందుకి తిప్పితే బొటనవేలు శరీరం మధ్యగీతకి దూరంగా పడుతుంది కాబట్టి లేటరల్, చిటికెనవేలు దగ్గరగా పడుతుంది కాబట్టి మీడియల్. మనం మామూలుగా నిలబడినప్పుడు బొటనవేలు ముందుకి ఉంటుంది, అరచేయి వెనక్కి తిప్పుకుని నిలబడితే అదే లోపలికి వస్తుంది, అందుకే అందరూ ఒకే పొజిషన్‌ని లెక్కలోకి తీసుకోవాలని పెట్టుకున్నారు. ప్రాక్సిమల్, డిస్టల్ అన్న జంటని కూడా ఎక్కువగా వాడేది చేతులకీ కాళ్ళకీనే, మొండానికి దగ్గరిది ప్రాక్సిమల్, దూరంది డిస్టల్. మా పిల్లలకి రోజువారీ పనిలో ఎక్కువగా తగిలే మాటలు ఇవే. క్యాన్యులా (సిరలో పెట్టే సన్న గొట్టం) పెట్టేటప్పుడు ముందు డిస్టల్‌గా ఉన్న సిర చూసుకోవాలి, అది పాడైతే ప్రాక్సిమల్ వైపు పైకి వెళ్ళొచ్చు, మొదటే మోచేతి మడత దగ్గర పొడిచేస్తే కిందున్న సిరలు వాడుకోవడం కష్టం. ఈ ముక్క చెప్పడానికి 11 వేల బొమ్మ పనికిరాలేదు, ఒక పిల్లని ముందుకి పిలిచి దాని చెయ్యే చూపించాను.

లోపాలన్నిట్లోకీ నాకు ఒళ్ళు మండింది మాత్రం బొమ్మతో ఇచ్చిన కాగితం దగ్గర. భాగాల మీద చిన్నచిన్న నంబర్లు అచ్చువేసి ఉంటాయి, ఏ నంబరు ఏ భాగమో చెప్పే కీ ఒక జిరాక్స్ కాగితం మీద ఇస్తారు. అందులో కిడ్నీ నుంచి కిందికి దిగే గొట్టానికి 'యురెత్రా' అని, మూత్రాశయం కింద బయటికి వెళ్ళే దానికి 'యురేటర్' అని వేశారు. పూర్తిగా తారుమారు. మామూలు అచ్చుతప్పు అని వదిలేసే రకం కాదిది. యురేటర్లు రెండు, ఒక్కో కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటాయి. యురెత్రా ఒకటే, ఆడవాళ్ళలో 4 సెంటీమీటర్లు, మగవాళ్ళలో 20 సెంటీమీటర్లు దాకా. నర్సు క్యాథటర్ (మూత్రం తీసే గొట్టం) వేసేది యురెత్రాలోంచి. అసలే పిల్లలు ఈ రెంటినీ కలిపేసుకుంటుంటారు, వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటినుంచి వచ్చే ఎగ్జామినర్) కూడా కావాలని ఇక్కడే పట్టుకుంటాడు, దానికితోడు కాగితం కూడా తప్పు చెప్తే ఇంకేముంది. అదే కాగితంలో పిత్తాశయానికీ క్లోమానికీ ఒకే నంబరు ఇచ్చారు, స్ప్లీన్ అసలు జాబితాలోనే లేదు. ఆ కాగితం పక్కన పడేసి నేనే కొత్తది రాసి లామినేషన్ చేయించాను. మీరు కొన్నా ముందు ఆ పని చేయండి, కీ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

బొమ్మలోనూ తప్పులున్నాయి, కాకపోతే తెలిసినవాళ్ళకి తప్ప కనపడవు. మామూలుగా పైన కాలేయం ఉండడం వల్ల కుడి కిడ్నీ ఎడమదానికంటే కొంచెం కిందికి ఉంటుంది. ఇందులో రెండూ స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా ఉన్నాయి. శ్వాసనాళం రెండుగా చీలేచోట కుడి బ్రాంకస్ కాస్త వెడల్పుగా, ఎడమదానికంటే నిటారుగా దిగాలి, ఇందులో రెండూ ఒకే కోణంలో పోతాయి. చిన్నపిల్లలు పల్లీ గింజ పొరపాటున పీల్చేస్తే ఎక్కువగా కుడివైపే ఎందుకు ఇరుక్కుంటుందో చెప్పాలంటే ఆ తేడా కనపడాలి కదా. ఇంకొకటి, ప్లూరా, పెరికార్డియం, పెరిటోనియం, అంటే అవయవాల్ని చుట్టి ఉండే పలచటి పొరలు, ఒక్కటీ లేవు. ప్లాస్టిక్‌లో పొర చేయడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ అవి లేకపోయేసరికి పిల్లలకి ఛాతీ అంటే అవయవాలు వదులుగా పడేసిన ఖాళీ డబ్బా అన్న అభిప్రాయం పడిపోతుంది, దాన్ని పోగొట్టడానికి మళ్ళీ విడిగా ఒక క్లాసు.

గుండెకి మాత్రం పూర్తి మార్కులు. రెండు ముక్కలుగా తెరుచుకుంటుంది, ఎడమ జఠరిక (వెంట్రికల్) గోడ కుడిదానికంటే బాగా మందంగా చూపించారు. కుడివైపుది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి రక్తం నెట్టాలి, ఎడమవైపుది అరికాళ్ళ దాకా ఒళ్ళంతా నెట్టాలి, అందుకే ఆ మందం. ఎర్రది ధమని, నీలంది సిర అని స్కూల్లో బట్టీపట్టి వచ్చినవాళ్ళు పల్మనరీ ఆర్టరీ నీలంగా ఉండడం చూసి రంగు తప్పు వేశారంటారు. తప్పు కాదు, గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ధమని, అది తీసుకెళ్ళే రక్తంలో ఆక్సిజన్ ఎక్కువుందా తక్కువుందా అన్నది వేరే సంగతి. పల్మనరీ వెయిన్లు ఎర్రగానే వేశారు, చవక బొమ్మల్లో చాలావాటిలో ఇక్కడే రంగులు తప్పుతాయి. ఊపిరితిత్తులు కూడా కుడిది మూడు లోబులు, ఎడమది రెండు, వాటి మధ్య గాడులు స్పష్టంగా ఉన్నాయి, ఎడమదాంట్లో గుండెకి చోటిచ్చే నొక్కు కూడా ఉంది.

ప్లేన్స్, అంటే శరీరాన్ని ఏ దిశలో కోసి చూస్తున్నామో చెప్పే తలాలు, వాటికి ఫరవాలేదు. తల నిలువుగా కోశారు కాబట్టి సాజిటల్ (కుడి ఎడమలుగా చీల్చేది) చూపించొచ్చు, ఒక కిడ్నీ ముందు సగం ఊడుతుంది కాబట్టి కరోనల్ (ముందు వెనకలుగా చీల్చేది) కూడా వచ్చేస్తుంది, ఆ కిడ్నీ లోపలి భాగాలు కార్టెక్స్, మెడుల్లా, పెల్విస్ రంగులు తేడాగా ఉన్నాయి. ట్రాన్స్‌వర్స్ (అడ్డంగా కోసేది) ఒక్కటే లేదు. పొట్ట మూత మీద బొడ్డు దగ్గర అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి దారం కట్టి నాలుగు క్వాడ్రంట్లు చేసుకుంటాం, దారాలు ఇంకో రెండు కలిపి అటూఇటూ జరిపితే తొమ్మిది రీజియన్లు.

ఇక ఫిజియాలజీ. ఈ గుండె కొట్టుకోదు, ఈ కిడ్నీ వడకట్టదు. అసలు గుండె ఒక్క దెబ్బకి నెట్టే రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు, గుణిస్తే ఒంట్లో ఉన్న రక్తం మొత్తానికి దగ్గరదగ్గర సమానంగా 5 లీటర్లు నిమిషంలో గుండెలోంచి పోతుంది. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో బయటికి పంపేది లీటరున్నర, మిగతాదంతా మళ్ళీ రక్తంలోకే. ఇవి చెప్తే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు, బొమ్మ వైపు ఎవరూ చూడరు. శరీరం లోపలి వాతావరణం నిలకడగా ఉండాలన్న ఆలోచన 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో క్లోడ్ బెర్నార్డ్‌ది, దానికి 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టింది అమెరికాలో వాల్టర్ క్యానన్. మా దగ్గర ఎండాకాలంలో బయట 44 డిగ్రీలున్నా ఒళ్ళు 37 దగ్గరే ఎలా నిలబడుతుంది, చర్మంలో రక్తనాళాలు ఎందుకు విచ్చుకుంటాయి, చెమట ఎందుకు, ఉక్కపోతలో ఆ చెమట ఆరకపోతే ఎందుకంత నీరసం అన్నవి మాట్లాడుకుంటే సగం చాప్టరు అయిపోతుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌కి, అంటే వచ్చిన మార్పుని వెనక్కి లాగే పద్ధతికి, షుగరు, ఇన్సులిన్ కంటే మంచి ఉదాహరణ లేదు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఒక షుగరు పేషెంటు ఉన్నారు. మార్పుని ఇంకా పెంచే పాజిటివ్‌కి కాన్పు: నొప్పులొస్తే ఆక్సిటోసిన్ పెరుగుతుంది, అది పెరిగితే నొప్పులు ఇంకా పెరుగుతాయి, బిడ్డ బయటపడేదాకా ఆగదు.

అసలు శరీర నిర్మాణంలో మెట్లు రసాయనాల దగ్గర మొదలై కణం, కణజాలం, అవయవం, వ్యవస్థ, చివరికి మనిషి దాకా వెళ్తాయి. ఈ బొమ్మ మూడు మెట్లు ఎగ్గొట్టి అవయవం దగ్గర మొదలవుతుంది. మొదటి మెట్టు మీద ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, కణానికి శక్తినిచ్చే ఏటీపీని గుర్తించి 1929లో ప్రకటించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. మా పిల్లల్లో ఆ పేరు విన్నవాళ్ళు అరుదు.

కాబట్టి ఫిజియాలజీకి బొమ్మ కొనే బదులు స్టెతస్కోపు, బీపీ మిషను, థర్మామీటరు, ఒక పల్స్ ఆక్సీమీటరు కొనండి. పిల్లల్ని రెండంతస్తుల మెట్లెక్కించి, ఎక్కకముందు ఎక్కాక పల్సు, శ్వాస లెక్కపెట్టించి, మామూలు స్థాయికి రావడానికి ఎంతసేపు పట్టిందో రికార్డులో రాయించండి.

సర్వీసు విషయానికొస్తే, అమ్మేదాకా ఫోను మీద ఫోను, ఆ తర్వాత మాటే లేదు. కాలేయం వెనక ఉండే ప్లాస్టిక్ మేకు విరిగింది, పిల్లలు రోజూ తీసి పెడుతుంటే విరక్కుండా ఎలా ఉంటుంది. విడిభాగం పంపమని అడిగితే "స్పేర్లు ఉండవు మేడమ్, కావాలంటే కొత్త సెట్టు డిస్కౌంట్‌లో ఇస్తాం" అన్నారు. ఒక కాలేయం కోసం కొత్త మనిషిని కొనమన్నట్టుంది. ఫెవిక్విక్ పెట్టి అతికించాం, ఆగింది, కానీ ఇప్పుడు కాలేయం కాస్త వంకరగా కూర్చుంటోంది, మూత మీద చేత్తో నొక్కితేగానీ పడటం లేదు. కీ తప్పుల గురించి మెయిలు పెడితే జవాబు లేదు. అంచుల దగ్గర రంగు కూడా లేస్తోంది. తడిబట్టతో తుడవండి, స్పిరిట్ మాత్రం తగలనీయకండి.

ఇంట్లో ఒక పిల్ల కోసమైతే ఇది వద్దు. అంత డబ్బూ, అంత చోటూ దండగ, కోఠిలో మెడికల్ పుస్తకాల షాపుల్లో లామినేషన్ చార్టులు కొన్ని వందల్లో దొరుకుతాయి, ఎముకలకొకటి, రక్తప్రసరణకొకటి తీసుకుంటే మొదటి ఏడాదికి చాలు. 45 సెంటీమీటర్ల చిన్న సైజు బొమ్మ చవకే గానీ అందులో క్లోమం వేలిగోరంత ఉంటుంది, క్లాసులో రెండో బెంచీకి కూడా కనపడదు. కాలేజీకైతే 85దే తీసుకోండి. వీటిలో యూనిసెక్స్ అని ఒకటి, ఆడ, మగ భాగాలు మార్చి పెట్టుకునేది ఒకటి, రెండు రకాలున్నాయి. మాది బడ్జెట్ కుదరక యూనిసెక్స్ తీసుకున్నది, మూత్రమార్గంతో ఆగిపోతుంది, గర్భాశయం ఇప్పటికీ చార్టు మీదే చెప్తున్నా. నర్సింగ్ వాళ్ళకి రెండోదే కావాలి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే.

డబ్బు కట్టేముందు ఆ కీ కాగితం ఫొటో, పేగులు తీసేసి కిడ్నీలు కనపడేలా ఒక ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. మేకుల బదులు అయస్కాంతాలున్న మోడల్ ఉందేమో కూడా అడగండి.